ఈనెలు తీసిన గంట

తెలుగు బడిలో ఒకసారి పిల్లలకి చిన్న పని ఇచ్చారు. ఇంట్లో రోజూ వినపడే తెలుగు మాటలు ఐదు రాసుకురమ్మన్నారు. తొమ్మిదేళ్ల మా పెద్దది గుండ్రటి అక్షరాలతో రాసింది: లే. పద. తొందరగా. ఇంకా కాలేదా. బూట్లేసుకో.

పంతులమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. కారెక్కాక మాత్రం నవ్వు రాలేదు. పిల్లలకి భాష రావాలని పట్టుబట్టి ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాననుకున్నాను. తీరా చూస్తే నేర్పింది హడావిడి. స్కూలు కబుర్లు, జోకులు, అలకలు అన్నీ ఎప్పుడో ఇంగ్లీషులోకి వెళ్లిపోయాయి. తరమడానికి మాత్రం తెలుగు మిగిలింది.

మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్ల శనాదివారాలు ఎలా గడుస్తాయో తెలిసిందే. ఈత, లెక్కల క్లాసు, కూచిపూడి, తెలుగు బడి, మధ్యలో ఎవరిదో పుట్టినరోజు. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్ కూడా కారు నడుపుతూనే. "తిన్నారా, ఏం కూర, సరే ఉంటా."

ఏడాదిలో ఒక్క ఆదివారానికి మాత్రం 25 గంటలు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకి ఇక్కడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. 2007 నుంచీ ఇదే తేదీ, అంతకుముందు అక్టోబరు చివర్లో ఉండేది. ఫోన్లు వాటంతటవే మారతాయి. ఓవెన్ మీది గడియారం మాత్రం మనం వెళ్లి నొక్కేదాకా మొండికేసుకుని కూర్చుంటుంది. మాకూ తెనాలికీ తేడా పదిన్నర గంటల నుంచి పదకొండున్నరకి పెరుగుతుంది. అమ్మ ఏటా అడుగుతుంది: "మళ్లీ తిప్పారా? సూర్యుడికి చెప్పే తిప్పారా?"

ఇన్నేళ్లూ ఆ గంట నిద్రకో, బట్టలు మడతపెట్టడానికో పోయేది. పోయినేడు చిక్కుళ్లకి పోయింది.

ఆ పాదుదో కథ. ఏప్రిల్‌లో స్నేహితురాలు ఇచ్చిన నాలుగు గింజలు పెరట్లో ఫెన్సు పక్కన పెట్టాను. ఎండాకాలమంతా ఆకులే. ఆగస్టు ఎండలో బెండ మొక్కలు కాసి కాసి అలసిపోయాయి. ఇది పక్కింటి వైపు పాకుతూ పోయిందే గానీ ఒక్క పువ్వు చూపించలేదు. మా ఆయన పీకేద్దామన్నాడు. అమ్మ వీడియోలో చూసి, "పగలు పొట్టిదైతే గానీ చిక్కుడు పూత పట్టదు. దాన్ని కూడా తొందరపెడతావేమే?" అంది. ఆ "కూడా" నాకు గుచ్చుకుంది. సెప్టెంబరు చివర్లో ఊదారంగు పూలు మొదలయ్యాయి. నవంబరు వచ్చేసరికి గుత్తులు గుత్తులుగా కాయలు. ఇక్కడ నవంబరు నెలాఖరు చలికి తీగ మాడిపోతుంది, కాబట్టి కోసుకున్నన్నాళ్లే.

ఆ ఆదివారం ఓవెన్ 9 అంటోంది, ఫోన్ 8 అంటోంది. తెనాలిలో రాత్రి ఏడున్నర. బుట్టెడు కాయలు వంటింట్లో నేల మీద పోసుకుని, ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి కూర్చున్నాం. పిల్లలకి ఏదో నేర్పాలని కూర్చోలేదు. క్వాలిటీ టైమ్ అన్న మాటంటేనే నాకు చిరాకు. అది క్యాలెండర్‌లో ఇంకో గడి, అంతే.

"ముక్కు తుంచి కిందకి లాగు. ఈనె మొత్తం ఒక్క పోగుగా వస్తుంది చూడు," అంటోంది అమ్మ.

"ఈనె అంటే ఏంటి అమ్మమ్మా?"

"నీ చేతిలో ఉందిగా, అదే."

లేతది, ముదురుది, పుచ్చుది. పుచ్చు అన్న మాట ఐదేళ్ల చిన్నాడికి తెగ నచ్చింది. పురుగు కనబడినప్పుడల్లా "పుచ్చు!" అని అరిచాడు, తర్వాత అక్కనీ అదే పేరుతో పిలిచాడు. చిక్కుడుకాయలతో రథసప్తమికి రథం కడతామని అమ్మ చెప్పింది. "మాఘమాసం దాకా మీ తీగ ఎక్కడ ఉంటుంది, ఇప్పుడే కట్టండి." చీపురుపుల్లలు లేక టూత్‌పిక్‌లు గుచ్చాం. చక్రాలు రెండుసార్లు ఊడిపోయాయి. మూడోసారి నిలబడింది, దాని మీద చిన్నాడు కూర్చున్నాడు.

తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇటు కాయలు తుంచే చప్పుడు, అటు అమ్మ గదిలో ఫ్యాను చప్పుడు. ఫోన్లో అమ్మతో అలా ఊరికే ఉండటం నాకు అలవాటు లేదు. లైను పోయిందేమో అని "ఉన్నావా?" అన్నాను.

"ఉన్నానే, చూస్తున్నా. ఫోన్ కాస్త పిల్లల వైపు తిప్పు. నీ మొహం నేను చూడందా?"

సోమవారం పొద్దున మళ్లీ లే, పద, బూట్లేసుకో. స్కూలు బస్సు మన కోసం ఆగదు కదా. రాత్రి మిగిలిన చిక్కుడుకాయ కూర తింటుంటే పెద్దది నోట్లోంచి ఒక పీచు తీసి కంచం అంచున పెట్టింది.

"ఇది తమ్ముడి కాయ," అంది. "వాడు ఈనె తియ్యలేదు."