సగం ఆయనకి, సగం మనకి

మంగళగిరి కొండెక్కి పానకాల నరసింహస్వామికి పానకం పోయిస్తాం. అర్చకులు శంఖంతో స్వామి నోట్లో పోస్తుంటే గుటకల చప్పుడు వినడానికి చెవులు రిక్కిస్తాం. అది వినబడగానే మొక్కు తీరిపోయిందన్నట్టు, తిరిగిచ్చిన సగంలో రెండు చుక్కలు నోట్లో వేసుకుని మిగతాది మెట్ల పక్కన ఒంపేసి దిగిపోయేవాళ్ళని చూస్తే నా మనసు చివుక్కుమంటుంది.

స్వామి పుచ్చుకునేది కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు, కలిలో పానకం. ఈ కథ అందరికీ తెలిసిందే. నేను పట్టుకు వేళ్ళాడేది ఆ సగాన్ని. చెంబుడు పోసినా బిందెడు పోసినా సగమే పుచ్చుకుంటాడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చినవాడికి మిగతా సగం ఒక లెక్కా? అయినా మన చేతికే ఇస్తాడు.

రొమ్ము కాన్సరని బయాప్సీ రిపోర్టు వచ్చినప్పుడు, నా భయమంతా తీసెయ్యి స్వామీ అని మొక్కుకున్నాను. కీమో, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి. జుట్టు మళ్ళీ వచ్చింది. భయం మాత్రం పోలేదు. "అంతా అయిపోయిందిగా, ఇంకా టెన్షన్ దేనికి?" అంటారు చుట్టాలు. వైద్యం జరిగినన్నాళ్ళూ రేపేం చెయ్యాలో డాక్టరుగారు చెప్పేవారు. అది అయిపోయాకే నాకు నిద్ర కరువైంది. నడుం పట్టేసినా, ఎముకల్లోకి పాకిందేమోనని గుండె దడదడలాడేది.

ఆ దిగులుతోనే కొండెక్కాను. కీమో తిమ్మిరి వేళ్ళకింకా వదల్లేదు, చెంబు రెండు చేతులా పట్టుకున్నాను. నోటిపూత తగ్గినా నాలుక ఇంకా పచ్చిగానే ఉంది, మిరియాల ఘాటుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చుక్క వదలకుండా తాగాను. నా భయంలో సగం ఆయన పుచ్చుకున్నాడు, ఈ సగం ఆయన ఎంగిలి, నాకు ప్రసాదం అనిపించింది. వేళకి మాత్ర వేయించేదీ, చెకప్‌కి తేదీ తప్పకుండా నడిపించేదీ ఆ సగమే. ఇక దాన్ని ఎందుకు పారబోస్తాను?

అమ్మలారా, రోగం వచ్చినవాళ్ళతో పూర్వజన్మ కర్మ అనకండి. విషం తాగించినప్పుడు, ఏనుగులతో తొక్కించినప్పుడు ప్రహ్లాదుడు ఏ పాపం చేశాడు? మొక్కుకున్నాం కదా అని మందులు మానకండి. నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే డాక్టరుగారికి చెప్పండి, కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. స్వామి ఏమీ అనుకోడు. మీ ఇంట్లో ఎవరికైనా స్కాన్ రిపోర్టు వచ్చే రోజుంటే, ఆ పూట పనులు మానుకుని తోడు వెళ్ళండి.