క్లచ్ కాలు

మొదట ఎడమ పాదం కింద నొప్పి వచ్చింది. అరికాలి మధ్యలో గుంటలాగా ఉంటుందే, సరిగ్గా అక్కడ. నేను తిరుపతిలో ట్యాక్సీ డ్రైవర్ని. అలిపిరి నుంచి కొండకి రోజుకి మూడు నాలుగు ట్రిప్పులు తోలేవాణ్ణి. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ క్లచ్ తొక్కే కాలు అది. క్లచ్ గట్టిగా ఉంది, అందుకే నొప్పి అనుకుని మెకానిక్ దగ్గర క్లచ్ ప్లేటు మార్పించాను. నొప్పి మాత్రం అట్లే ఉండింది.

తర్వాత నడకలో మొదలైంది. స్టాండ్ నుంచి టీ బంకు దాకా నడిచేసరికి పాదాన్ని ఎవరో పిండేసినట్టు పట్టేసేది. రెండు నిమిషాలు నిలబడితే సర్దుకునేది. మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేసేది. నిలబడ్డ ఆ రెండు నిమిషాలూ ఊరికే ఎందుకని బీడీ వెలిగించేవాణ్ణి. ఇప్పుడు అది తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

దగ్గరలో ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను. నరాల బలహీనత అన్నారు. ఐదు నెలలు నొప్పి బిళ్ళలు మింగాను. ఈ మధ్యలోనే పిక్క మీద ఎర్రగా, తాడు పెట్టి కుట్టినట్టు గట్టిగా ఒక నరం లేచింది, నొక్కితే ప్రాణం పోయేది. కొన్నాళ్ళకి అది తగ్గి ఇంకోచోట లేచింది. ఆ తర్వాత చిటికెన వేలి గోరు పక్కన చిన్న పుండు. గోరు కత్తిరించినప్పుడు గీసుకుందనుకున్నాను. నెల దాటినా మానలేదు. రాత్రి పడుకుంటే వేలు నిప్పుల్లో పెట్టినట్టుండేది. కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడదీస్తే కాస్త నయం. అట్లా కూర్చునే తెల్లవార్లూ గడిపేవాణ్ణి. బీడీలు తాగుతూ.

ఒక రాత్రి నా భార్య లేచి లైటు వేసింది. "ఏమయ్యా, ఆ కాలు చూడు" అంది. కిందికి వేలాడిన పాదం నేరేడుపండు రంగులో ఉంది. మంచం మీదికి ఎత్తి పట్టుకుంటే కాసేపట్లో తెల్లగా, సున్నం కొట్టినట్టు పాలిపోయింది. తను రెండు చేతులతో రెండు పాదాలూ పట్టుకుంది. కుడిది వెచ్చగా, ఎడమది రాయిలాగా చల్లగా ఉన్నాయి. షుగరేమోనని భయపడింది. పొద్దున్నే పరీక్ష చేయిస్తే షుగరు లేదు.

పెద్ద డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక చిన్న డాక్టరమ్మ చూసింది. నా కూతురి కంటే ఓ ఐదారేళ్ళు పెద్దదేమో. రెండు వేళ్ళు పాదం మీద పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకుంది. చీలమండ వెనక పెట్టింది. మోకాలి వెనక పెట్టింది. మళ్ళీ పాదం మీదికి వచ్చింది. నాడి దొరకడం లేదు. తలెత్తి "ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నారన్నా?" అంది. తాగుతారా అని అడగలేదు.

బర్జర్స్ డిసీజ్ అంటారట. లియో బర్జర్ అనే డాక్టరు 1908లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు. కాళ్ళూ చేతుల్లోని సన్న రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. ముసలివాళ్ళకి కొవ్వు పేరుకుని వచ్చే జబ్బు వేరు, ఇది వేరు. ఇది ఎక్కువగా యాభై లోపు వాళ్ళకి, అందులోనూ బీడీ తాగే మగవాళ్ళకి వస్తుంది. నాకప్పుడు 38. యాంజియోగ్రామ్ తీసి స్క్రీన్ మీద చూపించారు. మోకాలి దాకా రక్తనాళం నున్నగా వచ్చి, కింద ఒక్కసారిగా ఆగిపోయింది. దాని చుట్టూ సొరపాదు నులితీగల్లాగా మెలికలు తిరిగిన సన్న సన్న దారులు. పెద్ద దారి మూసుకుపోతే శరీరం వేసుకున్న అడ్డదారులవి. స్టెంటు వేద్దామన్నా, బైపాస్ చేద్దామన్నా కింద కలపడానికి మంచి నాళం లేదన్నారు. "దీనికి మందు ఒకటే నాయనా, పొగాకు పూర్తిగా మానడం. రోజుకి ఒకటి రెండు తాగినా జబ్బు నడుస్తూనే ఉంటుంది. మానేసినవాళ్ళలో కాలు పోవడం అరుదు" అన్నారు పెద్ద డాక్టరు.

ఆ మాట విని బయటికొచ్చి, ఆసుపత్రి గేటు పక్కన నిలబడి బీడీ వెలిగించాను. నాకు అర్థం కానిది అదే. కాలు పోతుందని తెలిసిన మనిషి చెయ్యి జేబులోకి ఎందుకు పోయింది?

ఎందుకు మొదలుపెట్టావని అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ 'స్నేహాలు' అని చెప్పేవాణ్ణి. అది సగమే నిజం. పాకాల దగ్గర మా పల్లె. తాత చుట్ట కాల్చేవాడు. పొయ్యిలోంచి కొరకంచు తెచ్చి ఇవ్వడం నా పని. అంటుకున్నాక నా తల నిమిరేవాడు. పొగాకు వాసన అంటే నాకు ముందు తాత చెయ్యే గుర్తొస్తుంది. 2001లో, పదిహేడేళ్ళప్పుడు, తిరుపతిలో జీపు మీద క్లీనర్‌గా చేరాను. పద్దెనిమిది లోపు వాళ్ళకి పొగాకు అమ్మకూడదన్న చట్టం వచ్చింది 2003లో. అప్పట్లో అడిగేవాళ్ళే లేరు, విడి బీడీ చేతిలో పెట్టేవాళ్ళు.

మొదటి బీడీకి వాంతి చేసుకున్నాను. మరి రెండోది ఎందుకు తాగాను? డ్రైవర్లు నలుగురు గుండ్రంగా నిలబడి ఒకే అగ్గిపుల్లతో అంటించుకునే చోట నాకూ చోటిచ్చారు. అంతకుముందు పొద్దున లేచింది మొదలు "ఒరే అబ్బోడా, నీళ్ళు తే, అద్దం తుడు, టైరు చూడు" అనే పిలుపులే. చేతిలో బీడీ ఉన్నంతసేపు నాకెవరూ పని చెప్పలేదు. ఊరికే కూర్చుంటే సోమరి అంటారు. బీడీ తాగుతూ కూర్చుంటే "తాగి రానీలే" అంటారు. పదిహేడేళ్ళ పిల్లోడికి ఆ ఐదు నిమిషాల మర్యాద తక్కువేం కాదు. ఈ రోజుకీ హోటళ్ళలో, లారీల మీద పనిచేసే పిల్లలు ఆ మర్యాద కోసమే మొదలుపెడుతున్నారని నా నమ్మకం. వాళ్ళకి పొగాకు చెడ్డదని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పనిలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోనిచ్చేవాళ్ళు ఎంతమంది?

కొనసాగడానికి కారణం మాత్రం అది కాదు. నేను డ్రైవరై, సొంత బండి కొని, పెళ్ళయి, నన్ను "అన్నా" అని పిలిచే క్లీనర్లు వచ్చాక కూడా మానలేదు. మర్యాద అప్పటికే వచ్చేసింది కదా.

కొండ మీద పొగాకు నిషిద్ధం. అలిపిరి దగ్గర చెకింగ్‌లో బండి, సంచులు అన్నీ చూస్తారు. అందుకని చెకింగ్‌కి ముందు బండి పక్కకి ఆపి వరసగా రెండు బీడీలు తాగేవాణ్ణి. 1974లో వేసిన రెండో ఘాట్‌లో ఎక్కడం, పైన దింపి, జనాన్ని ఎక్కించుకుని, 1944 నాటి మొదటి ఘాట్‌లో దిగడం. వేగంగా పోకుండా ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని లెక్క పెట్టారు. పైన ఆలస్యంతో కలిపి రెండు రెండున్నర గంటలు. దిగేటప్పుడు చివరి మలుపుల్లో నా చేతులు స్టీరింగ్ మీద దరువు వేసేవి. వెనక సీట్లో పిల్లలు పాడుకుంటున్నా చిరాకే. కిందికొచ్చి ఒక్క దమ్ము లాగితే ప్రపంచం చల్లబడేది. ఘాట్ డ్రైవింగ్ టెన్షన్, దాన్ని బీడీ తగ్గిస్తోందని ఇరవై ఏళ్ళు నమ్మాను.

మధ్యలో ఒకసారి కాణిపాకం పోయి, స్వామి ముందు ప్రమాణం చేశాను. మా వైపు తాగుడు మానాలన్నా, మాట నిలబెట్టుకోవాలన్నా వినాయకుడి ముందు నిలబడటం అందరికీ తెలిసిందే. తొమ్మిది రోజులు ఉండగలిగాను. పదో రోజు తాగాను. ఆ తర్వాత ఆ గుడి వైపు ట్రిప్పు వస్తే వేరేవాళ్ళకి ఇచ్చేసేవాణ్ణి. దేవుడి ముందు మాట తప్పినవాణ్ణి నేనింకెవరికి మాటిస్తాను అనిపించి, మానే ప్రయత్నమే వదిలేశాను. ఇంట్లో దాచుకుని తాగడం మొదలైంది అప్పుడే. దాచుకున్నాక ఇంకా ఎక్కువైంది.

చిటికెన వేలు నల్లబడి ఎండిపోయింది. తీసేశారు. ఆ రోజు నా భార్య అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలు తల మీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి వచ్చిందని తర్వాత తెలిసింది. నేను ఆసుపత్రిలోనే బీడీ మానేశాను. నిజంగానే మానేశాను. బదులుగా ఖైనీ పెట్టుకున్నాను. పొగ లేదు కదా, నాళాలకి ఏమవుతుందిలే అని. మూడు వారాలైనా కుట్లు వేసిన చోట మానలేదు, రాత్రి నొప్పి తిరిగొచ్చింది. డ్రెస్సింగ్ చేసే సిస్టరు నా చిగుళ్ళ వైపు చూసి ఏమీ అనకుండా కౌన్సెలర్ దగ్గరికి పంపింది.

ఆయన తిట్టలేదు. "పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ?" అని అడిగాడు. ఐదు నిమిషాల్లోపే అన్నాను. ఒక కాగితం మీద గీత గీశాడు. దమ్ము లాగిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుతుంది. అక్కడ హాయిగా అనిపించే రసాయనం ఊరుతుంది. గీత పైకి. రెండు గంటల్లో రక్తంలో నికోటిన్ సగానికి పడిపోతుంది. గీత కిందికి. కిందికి వచ్చిన చోట రాశాడు: చిరాకు, వణుకు, టెన్షన్. మళ్ళీ దమ్ము, మళ్ళీ పైకి. ఆ గీత చూస్తే నా కొండ ట్రిప్పే. ఎక్కడం, దిగడం, రెండు గంటలు. నేను ఘాట్ టెన్షన్ అనుకున్నది నికోటిన్ దిగిపోయిన టెన్షన్. బీడీ తెచ్చిపెట్టిన బాధనే బీడీ తీరుస్తోంది. బీడీకి ఇంకో గుణం కూడా ఉంది. దాన్ని చుట్టే తునికాకులోంచి గాలి ఆడదు, దమ్ము మీద దమ్ము లాగకపోతే ఆరిపోతుంది. అందుకని సిగరెట్టు కంటే పొగాకు తక్కువున్నా ఒంట్లోకి పోయే నికోటిన్ తక్కువ కాదు.

ఖైనీ సంగతీ చెప్పాడు. 2016-17 సర్వేలో మన దేశంలో పొగ తాగే పెద్దవాళ్ళు నూటికి 11 మంది లోపే, నమిలేవాళ్ళు 21 మందికి పైనే. పొగ లేదు కాబట్టి ఫర్వాలేదనుకునేవాళ్ళు అంతమంది. నా జబ్బుకి నికోటిన్ ఏ దారిన వచ్చినా ఒకటే. అందుకే వేరేవాళ్ళకి పనికొచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ కూడా నాకు వద్దన్నారు. నికోటిన్ లేని మాత్ర ఒకటి రాశారు. మానే తేదీ పెట్టుకోమన్నారు.

నేను కాణిపాకం సంగతి చెప్పి ఏడ్చాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అన్నా, మీరు మాట తప్పారని అనుకుంటున్నారు. తొమ్మిది రోజులు మందు లేకుండా, ఎవరి సాయం లేకుండా ఉన్నారు. కష్టమైన రోజులు దాటేశారు. ఇంకొన్ని వారాలు పక్కన ఎవరైనా ఉండుంటే నిలబడేవారు" అన్నాడు. నా మెడ మీద నుంచి బస్తా దించినట్టయింది. పొగాకు ప్యాకెట్ల మీద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది, డబ్బులు పడవు. రాత్రిపూట దాచుకుని తాగేటప్పుడు ఎన్నిసార్లు ఆ అట్టని చేతిలో నలిపి పారేశానో. చూడనేలేదు.

మానేసిన మూడో రోజు చాలా కష్టమైంది. అన్నం కంచం తోసేశాను. కూతురి మీద అరిచాను. నిద్ర లేదు. కోరిక వచ్చినప్పుడు ఐదు నిమిషాలు వాయిదా వెయ్యమన్నాడు కౌన్సెలర్. సోంపు నములుతూ గడియారం చూసేవాణ్ణి. నాలుగు నిమిషాలకి అది నిజంగానే పలచబడేది. నెల తిరిగేసరికి రోజుకి రెండు మూడుసార్లే వచ్చేది. పుండు అంచులు ముందు లేత గులాబీ రంగుకి వచ్చాయి, ఆ తర్వాత దగ్గరపడ్డాయి. రాత్రి కాలు మంచం మీద పెట్టుకుని నిద్రపోయిన రోజు నా భార్య నన్ను లేపలేదు, పక్కనే కూర్చుని ఉంది.

మూడేళ్ళయింది. బండి తోలుతున్నాను. చెకింగ్ ముందు ఆపే చోటు వచ్చినప్పుడు ఇప్పటికీ కాలు బ్రేకు మీదికి పోతుంది. పక్క బండిలోంచి బీడీ వాసన వస్తే అద్దం పైకెత్తేస్తాను. టీ తాగే ఐదు నిమిషాలు మాత్రం వదల్లేదు. బండి నీడలో ఊరికే కూర్చుంటాను. మా క్లీనర్ పిల్లోణ్ణి కూడా కూర్చోమంటాను. కాణిపాకం ట్రిప్పులు తీసుకుంటున్నాను.

రాత్రిళ్ళు గోరువెచ్చటి నీళ్ళతో కాళ్ళు కడిగి, పాత పంచె గుడ్డతో వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోవాలి. ఆ పని నా భార్య నన్ను చెయ్యనివ్వదు. టార్చి వేసి ఒక్కో వేలూ విడదీసి, గోళ్ళ పక్కన చూస్తుంది. తర్వాత చేత్తో రెండు పాదాలూ పట్టుకుంటుంది. నిన్న రాత్రి కూడా పట్టుకుంది. తొమ్మిది వేళ్ళూ వెచ్చగానే ఉన్నాయంది.