ఉత్తరం గోడ నలుపు వదిలేదాకా

సియాటిల్ దగ్గర బాథెల్‌లో మేం కొన్న ఇల్లు 1970లలో కట్టింది. బయటి గోడలన్నీ సెడార్ చెక్క పలకలే. దక్షిణం వైపు ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగాయి. ఉత్తరం వైపు మాత్రం నల్లటి మచ్చలు, కింది రెండు వరసల్లో పచ్చగా పాచి. జూలైలో స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేద్దామని డబ్బాలు కూడా తెచ్చేశాను. అప్పుడు నాన్నగారు ఇక్కడే ఉన్నారు. పలక మీద వేలు రాసి చూసి, "బూజు మీద రంగేస్తే అది మళ్లీ పైకొస్తుందిరా. ముందు కడుగు" అన్నారు.

నలుపంతా బూజేనా అని ముందు తేల్చుకున్నాను. ఒక మూల బ్లీచ్ చుక్క వేస్తే రెండు నిమిషాల్లో మచ్చ పోయింది. అది బూజే. మేకుల కింద కారిన నల్లచారలు మాత్రం కదల్లేదు. అవి చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం, మేకుల్లోని ఇనుము కలిసి పడ్డ మరకలు. వాటికి మందు వేరు.

తొందరలో ప్రెషర్ వాషర్ పట్టి ఒక పలక పాడుచేశాను. సెడార్ మెత్తటి కర్ర, నీటి దెబ్బకి పీచు లేచిపోయింది. వెంటనే ఆపేసి, చెక్కని శుభ్రం చేసే సోడియం పెర్కార్బోనేట్ పొడి తెచ్చాను. గోరువెచ్చటి నీళ్లలో కలిపి, చారలు పడకుండా కింది నుంచి పైకి పూసుకుంటూ వెళ్లాను. పావుగంట సేపు ఆరిపోకుండా మళ్లీ మళ్లీ తడిపి, నైలాన్ బ్రష్‌తో చెక్క గీతల వెంట రుద్దాను. నాన్నగారు గొట్టం పట్టుకుని, ముందు మొక్కలు తడిపి, తర్వాత గోడ కడిగారు. బ్రష్ నుంచి కారిన నీళ్లు కాఫీ రంగులో ఉన్నాయి!

బాగా కడిగాక, ఇనుప మరకలకి మందైన ఆక్సాలిక్ ఆసిడ్ నీళ్లు పూశాను, చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని. మేకుల చారలు కరిగిపోయి, నల్లబడిన పలకలు తేనె రంగులోకి వచ్చాయి. ఈ ఆసిడ్‌ని బ్లీచ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, దయచేసి రెండూ ఒకేచోట వాడకండి.

అన్నిటికంటే కష్టమైంది ఆగడం. పైకి పొడిగా కనిపించినా, మూడో రోజు చెక్కలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ 22 శాతం చూపించింది. స్టెయిన్ వేయాలంటే 15 లోపు రావాలి. వాన పడుతుందేమోనని రోజూ టెన్షనే. ఆ ఖాళీలో గోడకి ఆనుకుని పెరిగిన రోడోడెండ్రాన్ పొదని వెనక్కి కత్తిరించి, గోడ మీద పడుతున్న స్ప్రింక్లర్‌ని అవతలి వైపుకి తిప్పాం. గోడ ఎన్నేళ్లుగానో ఆరకపోవడానికి కారణాలు ఇవే. తొమ్మిదో రోజు మీటర్ 13 చూపించింది, ఆ రోజే స్టెయిన్ మొదలుపెట్టాను. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలు కుప్పగా పెడితే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. అందుకని వాటిని కాంక్రీటు మీద విడివిడిగా పరిచి ఆరబెట్టాను.

వానాకాలమంతా గడిచాక, మార్చిలో వీడియో కాల్‌లో నాన్నగారు ముందు ఆ గోడే చూపించమన్నారు. కింది వరసలో కూడా నలుపు లేదు. పొద కొమ్మ ఒకటి మాత్రం మళ్లీ గోడకి జానెడు దూరంలోకి వచ్చింది. "దాన్ని ఈ ఆదివారమే కొట్టెయ్" అన్నారు.