రైతు ఇంట్లో భోజనశాల

ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు బాగా పాత రైతు ఇళ్లకు, కట్టిన కొత్తలో, పొగగొట్టాలు ఉండేవి కావు. ఇంటి నడుమ పైకప్పు దాకా ఖాళీగా వదిలిన ఒక పెద్ద గది, ఆ గదిలో నేల మీదే పొయ్యి, ఆ పొయ్యి నుంచి లేచిన పొగ వాసాల మధ్య సుడి తిరిగి ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికి పోయేది. 16వ శతాబ్దంలో ఇటుక పొగగొట్టాలు వ్యాప్తిలోకి వచ్చాక, ఎత్తయిన ఆ గదికి మధ్యలో అంతస్తు వేసి, పైన పడకగదులు ఏర్పాటు చేసుకున్నారు. నేను వంటవాడిగా పనిచేస్తున్న రెస్టారెంటు ఇంగ్లండు ఆగ్నేయ మూలన, అలాంటి ఒక ఇంట్లో నడుస్తోంది. నిచ్చెన వేసుకుని అటక మీదికి ఎక్కితే ఆనాటి పొగకు నల్లబారిన వాసాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చేత్తో రాస్తే వేలికి మసి అంటుతుంది. కింద కూర్చుని భోంచేసేవారు అటక మీదికి రారు గనుక ఆ మసిని చూసినవాళ్లం పనివాళ్లమే, అందులోనూ సగం మంది పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లం.

ఆ ఇంటి దూలాలు ఓక్ చెక్కవి. చెట్టు కొట్టిన తరువాత, ఇంకా పచ్చిగా ఉండగానే చెక్కి, ఇనుప మేకులు లేకుండా చెక్క చీలలతో బిగించారు. పచ్చి ఓక్ ఉలికి సులువుగా లొంగుతుంది, ఎండే కొద్దీ వంగి, అతుకులను మరింత బిగిస్తుంది. అందువల్ల ఆ ఇంట్లో ఒక్క గోడా నిటారుగా లేదు, నేల ఒక వైపుకు వాలి ఉంది, బల్లల కాళ్ల కింద చిన్న చెక్కముక్కలు పెట్టకపోతే గ్లాసులో నీళ్లు కూడా ఒరిగినట్టు కనిపిస్తాయి. ఆనాటి వడ్రంగులు ఇంటి చట్రమంతా తమ ఆవరణలోనే ఒకసారి పేర్చి చూసుకుని, ప్రతి అతుకు మీదా రోమన్ అంకె గీసి, విప్పి బండ్ల మీద తెచ్చి, ఆ అంకెల ప్రకారం మళ్లీ నిలబెట్టేవారు. కిటికీ పక్క బల్ల దగ్గరున్న స్తంభం మీద ఆ గీతలు స్పష్టంగా ఉన్నాయి. పొయ్యి మీది అడ్డదూలం మీద వృత్తలేఖినితో గీసిన ఆరు రేకుల పువ్వు ఒకటి ఉంది. దుష్టశక్తులు పొగగొట్టం గుండా ఇంట్లోకి దిగకుండా అలాంటి గుర్తులు గీసేవారని చెబుతారు. 2016లో హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ, తమ ఇళ్లలో ఇలాంటి గుర్తులు ఉంటే తెలియజేయమని ప్రజలందరినీ కోరింది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి ఆ పువ్వు అక్కడ ఎందుకుందో నాకు ఎవరూ రెండోసారి వివరించవలసిన అవసరం రాలేదు.

ఇలాంటి ఇంటిని రెస్టారెంటుగా మార్చడం యజమాని ఇష్టానికి వదిలేసిన విషయం కాదు. ఇంగ్లండులో రక్షిత కట్టడాల జాబితా 1947 నాటి ప్రణాళికా చట్టంతో గట్టి పునాది సంపాదించుకుంది, ఇప్పుడు 1990 నాటి చట్టం కింద అమలవుతోంది. గ్రేడ్ 1, గ్రేడ్ 2 స్టార్, గ్రేడ్ 2 అని మూడు తరగతులు ఉన్న ఆ జాబితాలో దాదాపు నాలుగు లక్షల నమోదులు ఉన్నాయి, వాటిలో సుమారు 92 శాతం గ్రేడ్ 2వే. మా ఇల్లూ అందులోదే. కట్టడం స్వభావం మారేలా ఏ పని చేయాలన్నా స్థానిక అధికారుల అనుమతి తీసుకోవాలి, తీసుకోకుండా చేస్తే అది నేరం. పాత గదుల గోడలకు కన్నాలు పెట్టి పొగ లాగే పెద్ద గొట్టాలు బిగించే వీలు లేదు కాబట్టి మా వంటగదిని ఇంటి వెనక, తరువాతి కాలంలో కట్టిన ఇటుక చావడిలో పెట్టారు. ఆ నిర్ణయం ఇంటిని కాపాడింది, అందులో నాకు సందేహం లేదు. అయితే దాని బరువు పళ్లేలు మోసేవారి మీద పడింది. వంటగది నుంచి రెండు మెట్లు దిగి, తల వంచితే తప్ప దాటలేని గుమ్మం దాటి, సన్నని నడవ మలుపు తిరిగి, మూడు వేడి పళ్లేలతో భోజనాల గదిలోకి చిరునవ్వుతో ప్రవేశించాలి. ఆ గుమ్మం కట్టిన కాలంలో మనుషులు పొట్టిగా ఉండేవారో, లేక వేడి బయటికి పోకుండా గుమ్మాలు చిన్నవిగా పెట్టేవారో, ఏదైతేనేం, పోలండ్ నుంచి వచ్చిన ఆరడుగుల కుర్రవాడి నుదురు మాత్రం ఆ దూలాన్ని బాగా ఎరుగును.

ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంటికి అసలైన పండుగ. ఇంగ్లీషువారి ఆదివారపు భోజనమంటే పొయ్యిలో కాల్చిన మాంసం, కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగు అనే తీపి లేని పొంగుడు వంటకం, వీటి మీద పోసే గ్రేవీ. పుడ్డింగు పిండి మనకు తెలియనిదేమీ కాదు. గుడ్లు, పాలు, మైదా సమపాళ్లలో గిన్నెతో కొలిచి కలిపి, కాసేపు నాననివ్వాలి. కష్టమంతా పొయ్యి దగ్గరే. అచ్చుల్లో కొవ్వు పొగలు కక్కేంత కాగాలి, పిండి పోసిన క్షణంలో చుయ్యిమనాలి, ఆ తరువాత అది పొంగి గట్టిపడేదాకా పొయ్యి తలుపు తెరవకూడదు. తెరిస్తే చల్లగాలి తగిలి చప్పబడిపోతుంది. పాత ఇంట్లో కుర్చీలు తక్కువ కాబట్టి ఆదివారం రెండు పంక్తులుగా వడ్డిస్తాం, మొదటి పంక్తి ఆలస్యమైతే రెండో పంక్తివారు వానలో నిలబడవలసి వస్తుంది. గంటల తరబడి ఎవరూ ఒక్క మాట ఎక్కువ మాట్లాడని ఆ వేళ నాకు ఇప్పటికీ ఇష్టం.

గొడ్డుమాంసం నేను తినను. మా ఇంట్లో తినరు, నాకు తినాలని అనిపించలేదు. ఆదివారం వచ్చిన ప్రతి రెండో బల్లకు అదే కావాలి. మొదటి రోజుల్లో ఆ ముక్కకు ఉప్పు, మిరియాలు రాస్తున్నప్పుడు మా అమ్మ ముఖం గుర్తుకు వచ్చేది, ఆ బాధను ఇక్కడ తేలికచేసి రాయలేను. ప్రధాన వంటవాడు నన్ను ప్రశ్నలు వేయకుండా, "రుచి నేను చూస్తాను, పాకం నీ చేతిలో ఉంచుకో" అన్నాడు. అప్పటి నుంచి ఆ గ్రేవీని వాసనతోనూ, గరిటె వెనక వేలితో గీసినప్పుడు నిలిచే గీతతోనూ పోల్చుకుంటాను, ఉప్పు సంగతి పక్కవాడు చెబుతాడు. ఒకరు నమ్మిక కాపాడుకుంటూనే మరొకరి పండుగ భోజనాన్ని శ్రద్ధగా వండవచ్చునని నాకు ఆ వంటగదిలో తెలిసింది. గల్ఫు నౌకల్లోనూ, హోటళ్లలోనూ పనిచేసే మన ఉత్తరాంధ్ర వంటవాళ్లు చాలామందికి ఇది అనుభవమే. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక ఆదివారం అరవై దాటిన తెలుగు దంపతులు భోజనానికి వచ్చారు. ఆవిడ కార్తీక మాసమని మాంసం ముట్టరు, గుడ్డు కూడా వద్దన్నారు. వడ్డించే అమ్మాయి ఆ చీటీ వంటగదిలోకి తెచ్చినప్పుడు నేనే బయటికి వెళ్లాను. బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయించినవనీ, పుడ్డింగులో గుడ్డు ఉంటుందనీ చెప్పి, వేరే పెనంలో నూనెతో దుంపలు, క్యారెట్టు, గుమ్మడి కాల్చి తెస్తానన్నాను. నా యాస విని ఆయన తల ఎత్తారు.

"మీది ఏ ఊరు బాబూ?"

"విశాఖపట్నం అండీ. పెదవాల్తేరు."

"నేను ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివాను. కేజీహెచ్ ఆసుపత్రి కొండ ఎక్కి దిగి మోకాళ్లు అప్పుడే అరిగాయి" అని ఆయన ఆనందంగా నవ్వారు. ఆవిడ మాత్రం, "పోపు పెట్టగలవా నాయనా, ఆ దుంపలకి?" అని మెల్లగా అడిగారు.

ఆవాలు పెట్టగలిగాను, కరివేపాకు దొరకలేదు. ఆవాలకు కూడా అక్కడ ఒక పద్ధతి ఉంది. రెస్టారెంటువారు తప్పనిసరిగా తెలియజేయవలసిన 14 రకాల ఎలర్జీ పదార్థాల్లో ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. ఆవగింజలు వేసిన పెనం వేరుగా కడగాలి, ఆ బల్ల చీటీ మీద ఆ సంగతి రాయాలి. పోపు లేని వంట ఊహించలేని మనకు ఇది మొదట వింతగా తోస్తుంది, కానీ ఒక్క గింజతో గొంతు వాచిపోయే మనిషిని తలచుకుంటే ఆ చీటీ రాయడం భారమనిపించదు. ఆ దంపతులు చాలాసేపు కూర్చున్నారు. పొయ్యి మీది దూలంపై గీసిన ఆరు రేకుల పువ్వును నేను చూపించినప్పుడు ఆవిడ లేచి వెళ్లి, ముట్టుకోకుండా, దగ్గరగా చూశారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. టిప్పులు ఎవరికి చెందాలన్నది అక్కడ చాలాకాలం యజమాని దయ మీదే ఆధారపడి ఉండేది. 2023లో చేసిన చట్టం 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాక, టిప్పులు, సర్వీసు చార్జీ మొత్తం కోత లేకుండా, న్యాయంగా పనివారికి పంచవలసిందే. దానివల్ల గిన్నెలు తోమే మనిషి చేతికి కూడా నెలకు కొంత ఎక్కువ వస్తోంది, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు చన్నీళ్లలో నిలబడేది అతనే. మరో వైపు, 2025 జూలై నుంచి నైపుణ్య వీసా ఇచ్చే ఉద్యోగం డిగ్రీ స్థాయిదై ఉండాలని నిబంధన మార్చడంతో, కొత్తగా వచ్చే వంటవారికి ఆ దారి మూసుకుపోయింది. విశాఖలో హోటల్ మేనేజ్‌మెంటు చదువుతున్న పిల్లలు నన్ను అడిగినప్పుడు ఈ సంగతి మొదటే చెబుతున్నాను, ఎందుకంటే పాత నిబంధనలు చెప్పి డబ్బు గుంజే ఏజెంట్లు ఇంకా ఉన్నారు.

ఈసారి సెలవుకు వచ్చినప్పుడు ఇంటివారంతా నన్ను భీమిలి రోడ్డులోని ఒక పల్లెటూరి తరహా రెస్టారెంటుకు తీసుకువెళ్లారు. ఉలవచారు చిక్కగా, మంచి కమ్మగా ఉంది. కానీ చుట్టూ ఉన్న దూలాలు సిమెంటువి, చెక్క రంగు పూసినవి. గోడకు నిలబెట్టిన తలుపు మాత్రం నిజమైన టేకు తలుపు, దాని ద్వారబంధం మీద గుమ్మానికి పూసిన పసుపు పగుళ్లలో ఇంకా ఉంది. ఎవరి ఇంటినో పడగొట్టగా మిగిలినది. ఆ తలుపు ఉన్న ఇంట్లోనే ఈ ఉలవచారు తినగలిగితే ఎంత బాగుండేదని అన్నప్పుడు, మా బాబాయి విస్తరి వైపు చూస్తూ, "అయితే మన ఇంటి సంగతి చెప్పు మరి" అన్నాడు.

అనకాపల్లి దగ్గర మా తాతల నాటి మండువా ఇల్లు ఖాళీగా ఉంది. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ టేకు స్తంభాలు, పైన పెంకు, గోడలకు గానుగ సున్నం. పడగొట్టి స్థలం అమ్ముదామని కొందరు, భోజనశాల పెడదామని బాబాయి కొడుకు. తమ్ముడి ఆలోచన మంచిదే గానీ వాడు గీయించిన ప్లానులో మండువా మీద ఫైబరు రేకు, గోడలకు సిమెంటు, పాత వంటింట్లోనే గ్యాసు పొయ్యిలు ఉన్నాయి. కెంట్‌లో నేను కళ్లారా చూసిన కీడు సిమెంటుది. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది, దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని చెక్కను తినేస్తుంది. అక్కడి పాత ఇళ్లలో కుళ్లిన దూలాల వెనక తరచుగా, గత శతాబ్దంలో ఎవరో మంచి మనసుతో పూసిన సిమెంటే ఉంటుంది. వానలూ, సముద్రపు తేమా ఉన్న మన వైపు గోడలకు ఆ ప్రమాదం ఏమీ తక్కువ కాదు. కాబట్టి సున్నమే వేయాలన్నాను, వంటగదిని పెరట్లో పశువులశాల ఉన్న చోటికి మార్చాలన్నాను, అక్కడి నుంచి వడ్డనకు వచ్చే గుమ్మం మనిషి ఎత్తుకు, మెట్లు లేకుండా కట్టాలని మరీ గట్టిగా చెప్పాను.

మండువా విషయంలో మాత్రం తమ్ముడూ నేనూ ఏకీభవించలేదు. "ఏసీ లేకపోతే మే నెలలో విశాఖ నుంచి ఎవడొస్తాడు అన్నయ్యా?" అన్నాడు. అది నిజమైన ప్రశ్నే. పక్క గదులు రెండింటికి తలుపులు బిగించి ఏసీ పెట్టుకోవచ్చు, మండువా చుట్టూ సాయంత్రం బల్లలు వేయవచ్చు, వానాకాలంలో నీళ్లు పడే తూము ముందుగా శుభ్రం చేయించాలి, కుర్చీలు తగ్గుతాయి కాబట్టి ఆదివారం రెండు పంక్తులు నడపాలి అని కాగితం మీద లెక్క వేసి చూపించాను. వాడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఒప్పుకోలేదు. బాబాయి సున్నం పని తెలిసిన మేస్త్రి కోసం చోడవరం వైపు కబురు పెట్టాడు, ఆయన వచ్చి గోడ చూసేదాకా పెంకు దించకూడదని ఇద్దరి చేతా మాట తీసుకున్నాడు.