నానమ్మ ముక్కుపుడక

నానమ్మ ఫోటో కోసం ఇల్లంతా వెతికితే చివరికి దొరికింది ఒక్కటే, బాబాయి ఎప్పుడో వాట్సాప్‌లో పంపింది. అసలు కాగితం ఫోటో చెదలు తినేశాయట. ఫ్రేమ్ కట్టిద్దామని స్టూడియోకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు పెద్దది చేసి చూపించి, "ఇది రాదన్నా, పగిలిపోయింది" అన్నాడు.

నిజమే. ముక్కుపుడక ఉండాల్సిన చోట నాలుగైదు బూడిదరంగు గళ్ళు, బాత్రూం టైల్స్‌లాగా. చెంప మీద మసక మసక చారలు.

ఆ గళ్ళు ఊరికే రావు. ఫోటో ఫైలుని చిన్నది చేసే జేపెగ్ పద్ధతి బొమ్మని 8×8 చుక్కల గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిలోని వెలుగునీడల్ని ఒకే తీరున పైకీ కిందికీ ఊగే కొసైన్ అలల మొత్తంగా రాసుకుని, కంటికి అంతగా ఆనని సన్న అలల్ని చాలావరకు పారేస్తుంది. ముక్కుపుడక మెరుపు అచ్చం అలాంటి సన్న అలే, ఏం చేస్తాం!

ఈ లెక్కకి ఆద్యుడు నసీర్ అహ్మద్, పుట్టింది మన పక్కనే, బెంగళూరులో. 1972లో పరిశోధనకి డబ్బడిగితే అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. అయినా ఆయన వదల్లేదు. 1974లో టి. నటరాజన్, కె.ఆర్. రావులతో కలిసి పేపర్ అచ్చువేశారు. 1992 నాటి జేపెగ్ ప్రమాణానికి పునాది అదే.

ఆయన మీద కాస్త కోపం తెచ్చుకుందామనుకున్నా, రాలేదు. ఫోటో ఫైలు అంత చిన్నది కాకపోతే బాబాయి డొక్కు ఫోన్లో ఇన్నాళ్ళు మిగిలేదా?

కుర్రాడు చివరికి పోస్టుకార్డు సైజులో ప్రింట్ తీసిచ్చాడు. కాస్త దూరంగా పెట్టి చూస్తే ముక్కుపుడక మెరుస్తున్నట్టే ఉంది.