ఏడు సూట్‌కేసులు

ట్రైన్ లేటు. లండన్ వాటర్లూ స్టేషన్‌లో విండ్‌రష్ విగ్రహం ముందే నిలబడిపోయాను. కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చినవాళ్లను బ్రిటన్‌కు తెచ్చిన ఓడ పేరు అది. సూట్‌కేసుల దొంతర మీద చేయీ చేయీ పట్టుకున్న ఆలుమగలు, పక్కన బిడ్డ. లెక్కపెట్టాను, ఏడు సూట్‌కేసులు.

శామ్ కింగ్ గుర్తొచ్చారు. 1948లో జమైకా నుంచి ఆ ఓడలోనే వచ్చారు. 34 ఏళ్లు పోస్టాఫీసు ఉద్యోగం. 1983లో లండన్‌లోని సౌత్‌వార్క్‌కు తొలి నల్లజాతి మేయర్. ఎన్ని బెదిరింపులొచ్చినా తగ్గలేదు. తన తరం కథ మరుగున పడకూడదని చివరిదాకా తిరిగారు. మేయర్ పదవి కన్నా అదే నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇల్లు కొనుక్కోవడానికి లోన్ పుట్టకపోతే కరీబియన్ వాళ్లు తలా కొంత వేసుకుని, వంతులవారీగా తీసుకునేవారు. దాన్ని 'పార్డ్‌నర్' అనేవారు. అచ్చం మన చీటీలే.

నా ఫ్లైట్ టికెట్ కూడా అమ్మ చీటీ డబ్బులతో కొన్నదే.