"ఎక్కడ చూశావు?"

మన బడిలో లైబ్రరీ అంటే స్టాఫ్‌రూమ్ పక్క గదిలో రెండు బీరువాలు. తాళాలు తెలుగు మేస్టారి దగ్గర ఉండేవి. పుస్తకం కావాలంటే తలుపు తీసేవారే గానీ, తీసి చేతికిచ్చేవారు కాదు. "వెతుక్కోరా" అని కుర్చీలో కూర్చునేవారు.

ఎనిమిదో తరగతిలో నిఘంటువు నా ముందు పెట్టి 'క్షీరం' చూడమన్నారు. గోడ మీది అక్షరమాలలో క్ష చివర్లో ఉంటుంది కదా, నేనూ చివరికే పోయాను. హ అయిపోయింది, పుస్తకమూ అయిపోయింది, క్షీరం లేదు. మేస్టారు బల్ల మీద సుద్దతో క రాసి, దాని కింద ష వత్తు పెట్టారు. అప్పుడు వెలిగింది, అది ఉండేది 'క'లోనేనని.

అసలు కథ తొమ్మిదిలో జరిగింది. నవంబరు 1న పెట్టే గోడపత్రికకి నన్ను పొట్టి శ్రీరాములు గారి గురించి రాయమన్నారు. "ఆంధ్రప్రదేశ్ కోసం 58 రోజులు దీక్ష చేసి అమరులయ్యారు" అని రాసుకెళ్లాను.

"ఎక్కడ చూశావు?"

"గైడులోనండి."

"గైడు వాడెక్కడ చూశాడు?"

ఏం చెప్పను? చీటీ రాసిచ్చి ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి పంపారు. అక్కడి ఆయన పుస్తకం తీసి, ముందు పేజీలు కాదు, వెనక పదసూచిక చూడమన్నాడు. పుస్తకానికి వెనక నుంచి కూడా దారి ఉంటుందని నాకు అదే తెలియడం. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో 1952 అక్టోబరు 19న దీక్ష మొదలు, డిసెంబరు 15 రాత్రి మరణం. ఆయన అడిగింది ఆంధ్ర రాష్ట్రం, అది 1953 అక్టోబరు 1న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956లో.

రోజులు కూడా లెక్కేశాను. పన్నెండు, ముప్పై, పదిహేను. యాభై ఏడు! గైడు ఇందులోనూ తప్పేనని ఎగురుకుంటూ వచ్చాను.

"19న ఆయన అన్నం తిన్నారా?" అన్నారు మేస్టారు.

"లేదండి."

"మరి ఆ రోజేదిరా నీ లెక్కలో?"

అలా 58 మళ్లీ 58 అయింది. "గైడులో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. నువ్వు రెండూ చూడకుండానే రాశావు" అని, వ్యాసం కింద పుస్తకం పేరు, రాసినవారు, అచ్చయిన ఏడాది, పుట రాయించారు. మిగతావాళ్లకి అది పెద్ద జోకు.

ఇప్పుడు మా అమ్మాయి కాలేజీలో దీన్నే ఇన్ఫర్మేషన్ లిటరసీ అని పీపీటీలు వేసి చెబుతున్నారట. సుద్దముక్క చాలదు కాబోలు.

మొన్న ఈ సంచిక కోసం వాట్సాప్ గ్రూపులో బడి పెట్టిన సంవత్సరం అడిగితే మూడు జవాబులు వచ్చాయి. వెంటనే మా బ్యాచ్ వాళ్లం నలుగురం ఒకేసారి "ఎక్కడ చూశావు?" అని కొట్టాం. బడికి వెళ్లి పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాం. మొదటి పేజీలు చెదలు తినేశాయి. అందుకే ఈ సంచిక అట్ట మీద సంవత్సరం లేదు.